గాలిమర బోరు శ్మశానం టెండరు

ఆలిస్ స్ప్రింగ్స్‌లో టైర్ల కొట్టు వెనక, రేకుల కప్పు కింద ఒకే ఒక్క గది, వాల్డా ఆఫీసు. తలుపు మీద బోర్డు ఒకప్పుడు ఉండేది. దుమారానికి ఎగిరిపోయాక మళ్ళీ పెట్టించలేదు. "నాతో పనున్నవాళ్ళకి దారి తెలుసు. దారి తెలియనివాళ్ళు ఏదో అమ్మడానికి వచ్చేవాళ్ళే" అనేది.

ఆవిడ పని కాగితాలతో. ఎడారిలో మన ఆదివాసీలు పెట్టుకున్న చిన్న చిన్న కంపెనీలున్నాయి కదా, కంచెలు వేసేవాళ్ళు, బడి పిల్లలకి భోజనం వండేవాళ్ళు, క్లినిక్‌లు కడిగేవాళ్ళు. సర్కారు ఏది కొన్నా అందులో ఆదివాసీల కంపెనీలకి కొంత వాటా ఇవ్వాలని రూలు. వాటా ఉన్న మాట నిజమే. దాన్ని అందుకోవాలంటే మాత్రం నలభై పేజీల దరఖాస్తు నింపాలి. కంచె వేసేవాడికి కంచె వేయడం వచ్చు గానీ, "మీ సంస్థ దార్శనికత ఏమిటి" అని అడిగితే ఏం చెబుతాడు? "పశువులు లోపలికి రాకూడదు" అంటాడు. దాన్ని సర్కారుకి నచ్చే పేరాగా మార్చడం వాల్డా విద్య.

ఆ విద్యలో ఆవిడ తడబడలేదని కాదు. ఒకసారి ఒక వంట కంపెనీ తరఫున భద్రతా ప్రణాళిక జతచేయబోయి, చెల్లెలికి పంపాల్సిన కంగారూ తోక కాల్చే పద్ధతి జతచేసింది. వారం రోజులు సిగ్గుతో నిద్ర పట్టలేదు. తీరా సర్కారు నుంచి వచ్చిన జవాబులో, "నిప్పు విషయంలో జాగ్రత్తలు చక్కగా వివరించారు" అని ఉంది. ఆ టెండరు వచ్చింది కూడా.

కానీ అంతకు ముందు, క్లినిక్‌లో గుమాస్తాగా ఉన్న రోజుల్లో జరిగిన తప్పు మాత్రం ఆవిడ ఎవరికీ నవ్వుతూ చెప్పదు. రోగుల జాబితా చూసి ఒక పేరు గట్టిగా పిలిచింది. ఆ మనిషి పోయి అప్పటికి మూడు రోజులు. పోయినవాళ్ళ పేరు పలకకూడదు. పిలిస్తే వెనక్కి తిరుగుతారు. హాల్లో ఉన్న ముప్ఫైమందీ ఒక్క మాట అనకుండా లేచి బయటికి వెళ్ళిపోయారు. ఖాళీ హాల్లో వాల్డా ఒక్కతే నిలబడింది. వాళ్ళు వెళ్ళాక తలుపు మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. గాలే అయ్యుండొచ్చు. ఆ రోజు నుంచి ఏ కాగితం మీదైనా పేరు చూస్తే, ముందు ఈ మనిషి ఉన్నాడా అని అడిగి తెలుసుకునేది.

అలాంటిది ఆ ఏడు ఏప్రిల్లో, వాల్డాకి వదిన వరసైన నోరీన్ మొగుడు పోయాడు. మూత్రపిండాల జబ్బు. గాలిమర బోరు అనే ఊళ్ళో కంచెల కంపెనీ పెట్టింది ఆయనే. కంపెనీ పేరూ ఆయన పేరే, అందుకే దాన్ని ఇక్కడ రాయడం లేదు. నెలకోసారి వాల్డా గదికి వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, చెప్పాల్సింది రెండు ముక్కల్లో చెప్పి వెళ్ళేవాడు. ఆయన పోయాక, కూర్చున్నచోటు విడిచి వెళ్ళేలా ఆ గదికి ఆకుల పొగ వేయాల్సి వచ్చింది. పొగకి టైర్ల కొట్టువాడి అలారం మోగింది, ఫైరింజన్ వచ్చింది. నిలువెత్తు కుర్రాళ్ళు గొట్టాలు పట్టుకుని దిగితే వాల్డా ముక్కు తుడుచుకుంటూ, "మా అన్నయ్యని సాగనంపుతున్నాం నాయనా, మీరూ రండి" అంది. వాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. ఎందుకు తీశారో వాళ్ళకే తెలియదు.

జూన్‌లో టెండరు పడింది. దూరపు ఊళ్ళలో ఆరు శ్మశానాలకి కొత్త కంచెలు. మొదటిది గాలిమర బోరు. సర్కారు పంపిన పటంలో పడమటి హద్దు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఊళ్ళో ప్రతివాళ్ళకీ తెలుసు, ఆ గీత పసిపిల్లల మీదుగా పోతుందని. క్రైస్తవ మిషనువాళ్ళ కాలంలో పుట్టీపుట్టగానే పోయిన బిడ్డలని పడమట పాతిపెట్టారు. శిలువ లేదు, రాయి లేదు, పేర్లు అసలే లేవు. నోరీన్ కంపెనీకి పోటీ వచ్చింది సముద్రం ఒడ్డు పట్నం నుంచి ఒక పెద్ద కంపెనీ. వాళ్ళు యంత్రంతో హద్దుకి అటూ ఇటూ పది అడుగులు చదును చేసి మరీ కంచె వేస్తారట. దరఖాస్తులో దాన్ని గొప్పగా రాసుకున్నారు కూడా.

నోరీన్‌కి పని రాకపోతే ఆ యంత్రం వస్తుంది. అంతే సంగతి.

కాగితాల దశ దాటించేసింది వాల్డా. చివరికి రెండు కంపెనీలే మిగిలాయి. అప్పుడొచ్చింది ఉత్తరం. వీడియోలో ముఖాముఖి. యజమాని స్వయంగా జవాబులు చెప్పాలి. సలహాదారు పక్కన కూర్చోవచ్చు గానీ నోరు విప్పరాదు.

వాల్డా ఉత్తరం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసేసింది. నోరీన్ ఏప్రిల్ నుంచి మాట్లాడటం లేదు. మొగుడో బిడ్డో పోయిన ఆడది నోటిమాట విడిచిపెడుతుంది. ఏడాదో రెండేళ్ళో, పెద్దవాళ్ళు కూర్చుని ఆ మౌనం విప్పేదాకా చేతులతోనే మాట. నోరీన్ మొగుడు పోయినవాళ్ళుండే ఆడవాళ్ళ వాడలో జుట్టు కత్తిరించుకుని ఉంటోంది. మనుషుల చేత పని చేయించేదీ, తిట్టేదీ, జోకులేసేదీ అంతా చేతులతోనే. టెండరు కోసం ఆ మౌనం విప్పమని అడిగే ధైర్యం వాల్డాకి లేదు. అడిగినా నోరీన్ విప్పదు.

సర్కారుకి ఫోన్ చేసింది. "మా యజమానురాలు సైగలతో మాట్లాడుతుందండీ."

"దానికేం, తప్పకుండా ఏర్పాటు చేస్తాం" అన్నాడు డార్విన్ పట్నంలో హాలోవే అనే ఆఫీసరు, ఎంతో మర్యాదగా. "అనువాదకురాలిని పెడతాం. తెరమీద మాటలు వాటంతటవే అక్షరాలుగా పడేలా కూడా చేస్తాం."

ఇంత సులువుగా తీరిందేమిటి అని వాల్డాకి అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

చెప్పిన రోజున మూడువందల కిలోమీటర్లు వ్యాను తోలుకుని గాలిమర బోరు చేరింది. ఆడవాళ్ళ వాడలో కుట్టుపని గది ఇచ్చారు. పదకొండు గంటల ఎండకి రేకులు టిక్కుటిక్కుమంటున్నాయి. నోరీన్ అప్పటికే బల్ల ముందు కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. గోడవార నేలమీద టిల్లీ, నోరీన్‌కి మేనత్త వరస, డెబ్భై దాటింది. వాడలో ఆవిడ నోటికి భయపడని కుక్క లేదు.

"ఏమే వాల్డా, ఇంత లావయ్యావేం? సర్కారు కాగితాలు తింటున్నావా?"

"తిననిస్తారా అత్తా, తిన్నదానికి కూడా మూడు కాపీలు అడుగుతారు."

నోరీన్ వేళ్ళు గిర్రున తిరిగాయి. నవ్వు ఒక్క చప్పుడు లేకుండా భుజాల్లోంచి వచ్చింది.

"ఏమంది?" అంది వాల్డా, ఆ వేళ్ళ వేగం అందుకోలేక.

"నీ వ్యాను టైర్లు నీకంటే సన్నంగా ఉన్నాయట" అంది టిల్లీ.

కంపెనీ ల్యాప్‌టాప్ పోయినాయనది. తెరిచినప్పుడల్లా ఆయన పేరుతో స్వాగతం చెబుతుంది. వాల్డా మందులపెట్టెలోంచి ప్లాస్టరు తీసి, పేరు వచ్చేచోట తెరమీద అతికించింది. అలా చేయడం ఇది మూడోసారి. పాత జిగురు మరకలు అక్కడే ఉన్నాయి. ఇంక దాని గొడవ వదిలిందనుకుంది.

తెరమీద నాలుగు ముఖాలు వచ్చాయి. హాలోవే, ఆయన పక్కన ఇద్దరు రాసుకునేవాళ్ళు, చిన్న గళ్ళో అనువాదకురాలు. పలకరింపులయ్యాయి. కింద అక్షరాలు పడటం మొదలైంది. బయట కుక్క అరిచింది. "అవును" అని పడింది. టిల్లీ దగ్గింది. "ధన్యవాదాలు" అని పడింది.

అక్షరాలు పడిన ప్రతి వరుసకీ ముందు ఒక పేరు ఉంది. ల్యాప్‌టాప్ ఎవరి పేరుతో తెరుచుకుందో ఆ పేరు. ఈ గదిలోంచి ఏ చప్పుడు పోయినా అది ఆ పోయినాయన అన్నట్టే పడుతోంది. వాల్డా మళ్ళీ మందులపెట్టె అందుకుంది. పేరు మార్చాలన్న సంగతి ఆవిడకి తోచనే లేదు. ప్లాస్టరు అతికించినచోటు వేరు, ఇప్పుడు పేరు పడుతున్నచోటు వేరు, అదీ వరుస వరుసకీ పైకి జరుగుతోంది. జరిగే పేరుకి ప్లాస్టరు ఎక్కడని వేస్తుంది? నోరీన్ చూపు కిందికి దించుకుంది.

"నోరీన్ గారూ, మీ మాటల్లోనే చెప్పండి. పడమటి వైపు పని ఎలా చేస్తారు?" అన్నాడు హాలోవే.

నోరీన్ చేతులు లేచాయి. రెండు నిమిషాలు నింపాదిగా, వేళ్ళు మడుస్తూ, అరచేత్తో నేలని చూపిస్తూ చెప్పింది. అనువాదకురాలు కళ్ళు చిట్లించి ముందుకి వంగింది.

"క్షమించాలి. ఇది నాకొచ్చిన సైగల భాష కాదు. చెవిటివాళ్ళ భాష నాది. ఆవిడ చేతుల్లో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు."

వాల్డా నోరు తెరిచింది.

"వాల్డా గారూ, మీరు చెప్పకూడదు. నిబంధన" అన్నాడు హాలోవే, నిజంగా బాధపడుతూ.

"నీ నిబంధనని తీసుకెళ్ళి బోరు గుంటలో పారేయ్" అంది టిల్లీ. "ధన్యవాదాలు, బాగుంది" అని పడింది.

"ఏదో గరగర వినిపిస్తోంది. అక్కడ ఫ్యానేమైనా ఉందా?" అన్నాడు ఆయన.

వాల్డా లేచి ఫ్యాను ఆపింది. కిటికీలు మూసింది. గది ఒక్కసారిగా మూగబోయింది. రేకులు కూడా టిక్కుమనడం మానేశాయి. బయట కుక్కల అలికిడి లేదు. ఆ నిశ్శబ్దంలో నోరీన్ మళ్ళీ మొదటినుంచి చేతులెత్తింది. పెదాలు బిగించే ఉన్నాయి.

తెరమీద అక్షరాలు పడ్డాయి.

ఆ పేరు. దాని పక్కన: పటంలో పడమటి గీత తప్పు.

వాల్డా నోరీన్ చేతులకేసి చూసింది. చేతులు అంటున్నదీ అదే.

ఆ పేరు. దాని పక్కన: పాత నీళ్ళ ట్యాంకు నుంచి ఇరవై అడుగులు అవతలికి జరపాలి. అక్కడ పసిపిల్లలున్నారు.

చేతులు ట్యాంకుని చూపించాయి, ఇరవై అడుగులు కొలిచాయి, బిడ్డని ఎత్తుకున్నట్టు మోచేయి వంచాయి. అక్షరాలు చేతుల వెనకే వస్తున్నాయి. ఒక్కోసారి ముందు కూడా వస్తున్నాయి. వాల్డా గదంతా చూసింది. టిల్లీ నోరు మూసుకునే ఉంది. గదిలో మూడో మనిషి తను. తనూ పెదవి కదపలేదు.

నోరీన్ నాలుగు వేళ్ళు చూపించింది. నలుగురు.

తెరమీద: అయిదుగురు.

నోరీన్ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. తల తిప్పి కిటికీ పక్క ఖాళీగా ఉన్న కుట్టుమిషను కుర్చీకేసి చూసింది, ఎవరో తన మాటకి అడ్డం వచ్చినట్టు. మళ్ళీ నాలుగు వేళ్ళు ఎత్తింది, ఈసారి గట్టిగా.

తెరమీద: అయిదుగురు. యంత్రం వద్దు. చేత్తో తవ్వాలి.

"అయిదు" అంటూ రాసుకున్నాడు హాలోవే. "చాలా స్పష్టంగా ఉంది. థాంక్యూ నోరీన్ గారూ."

చిన్న గళ్ళో అనువాదకురాలు కాగితాలేవీ చూడటం లేదు. బిగించిన నోరీన్ పెదాలకేసే చూస్తోంది. ఆవిడ చెయ్యి తన గొంతు మీదికి వెళ్ళింది. తర్వాత ఆ గడి నల్లబడింది.

వాల్డా ల్యాప్‌టాప్ మూసేసింది. అన్నింటికంటే వాల్డాని భయపెట్టింది టిల్లీ. అంత జరిగినా ఆవిడ ఒక్క మాట అనలేదు.

గురువారం హాలోవే నుంచి కాగితం వచ్చింది. "ముఖాముఖిలో మీరు చెప్పినవి ఇవీ. ముఖ్యంగా సమాధుల సంఖ్య అయిదు. శుక్రవారం రెండింటిలోగా ఖాయం చేయండి. ఈ సంఖ్య ఎవరు చెప్పారో పేరు రాయాలి."

వాల్డా టీ చల్లారిపోయేదాకా ఆ కాగితాన్ని చూస్తూ కూర్చుంది. నోరీన్ చెప్పింది నాలుగు. అయిదు అని సంతకం పెడితే అబద్ధం. నాలుగు అని దిద్దితే, అక్షరాలు తప్పు పడ్డాయని ఒప్పుకోవాలి. అక్షరాలు తప్పంటే ముఖాముఖి అంతా తప్పే, ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు కనుక. అప్పుడు పని యంత్రంవాళ్ళకి పోతుంది. పన్నెండేళ్ళలో ఏ కాగితంలోనూ తెలిసి అబద్ధం రాయలేదు ఆవిడ. కంగారూ తోక కూడా తెలియక పంపిందే.

శుక్రవారం తెల్లారగానే వ్యాను తీసింది.

నోరీన్ వాడ ముందు నీడలో కూర్చుని తీగచుట్టలు సర్దుతోంది. వాల్డా కాగితం చూపించి, "వదినా, ఎందరు?" అని అడిగింది. నాలుగు వేళ్ళు. "ఖాయమేనా?" మళ్ళీ నాలుగు, కాస్త విసురుగా.

వెనక నుంచి టిల్లీ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. కూర్చుని, అరచేత్తో ఇసుక చదును చేసి, వేలితో నాలుగు గుంటలు పెట్టింది. కాసేపాగి, కొంచెం ఎడంగా అయిదోది పెట్టింది.

"అది నాది" అంది.

నోరీన్ చేతిలో తీగ ఆగింది.

"మిషను వంటింట్లో పనిచేసేదాన్ని. పొద్దున పాతిపెట్టాం. మధ్యాహ్నం దొరసాని వచ్చి రొట్టెలెందుకు కాల్చలేదంది. మాట్లాడకుండా ఉండాలమ్మా, నాకు ఇది మౌనం కాలం అని సైగ చేశా. పొగరు అనుకుంది. నోరు విప్పితేగాని కూడు పెట్టనంది. విప్పాను." టిల్లీ ముక్కు చీదింది. "అప్పటినుంచి మూయలేదు, చూస్తున్నారుగా."

"ఎవరికీ చెప్పలేదా అత్తా?"

"ఒక్కడికి చెప్పా. నీ మొగుడికే" అంది టిల్లీ, నోరీన్‌కేసి తిరిగి. "పాత కంచె వేసేటప్పుడు అక్కడ గుంట తీయబోతే, తవ్వకురా అన్నా. ఎందుకు అన్నాడు. చెప్పా. ఆ మూల కంచె వంకర వేశాడు. ఆఫీసరొచ్చి, తాగి వేశావా అని తిట్టాడు. పడ్డాడు గానీ, ఎందుకో చెప్పలేదు. వాడికీ నాకూ తప్ప ఆ అయిదోది ఎవరికీ తెలియదు."

వాల్డా కాగితం మీద అయిదు అన్న అంకె కింద వేలు పెట్టింది.

"నా పేరు రాసుకో. ఎవరు చెప్పారని అడిగితే టిల్లీ చెప్పింది, ఆ బిడ్డ తల్లి చెప్పింది అను" అంది టిల్లీ.

వాల్డా తన ల్యాప్‌టాప్ వ్యాను బానెట్ మీద పెట్టుకునే జవాబు రాసింది. సంఖ్య అయిదు అని, చెప్పినవారు టిల్లీ అని రాసింది. అంతటితో ఊరుకోవచ్చు. కానీ మనసొప్పలేదు. పోతే పోనీ అనుకుని కింద ఇంకో మాట చేర్చింది. "ముఖాముఖిలో నోరీన్ నోటితో మాట్లాడలేదు. ఆవిడ మౌనంలో ఉంది. తెరమీద పడిన అక్షరాలు ఎలా పడ్డాయో మాకు తెలియదు." పంపేసి, ఇక అయిపోయిందనుకుని స్టీరింగు మీద తల ఆనించింది.

పావుగంటలో జవాబు వచ్చింది.

"టిల్లీ గారికి మా సానుభూతి. సంఖ్య సరిచూశాం. ఇక మీరన్న మరో విషయం: అలా ఎందుకనుకుంటున్నారో తెలియడం లేదు. మేం ముగ్గురం నోరీన్ గారి మాటలు చక్కగా విన్నాం. గొంతు కొంచెం బొంగురుగా, మగగొంతులా ఉంది. జలుబు చేసిందేమో అనుకున్నాం. తగ్గిందని ఆశిస్తాం."

వాల్డా ఆ జవాబు ఎవరికీ చదివి వినిపించలేదు.

పని నోరీన్ కంపెనీకే వచ్చింది, పడమటి హద్దు ఇరవై అడుగులు అవతలికి జరిపి మరీ. ఆగస్టులో పారలతో, గునపాలతో కంచె వేశారు. చివరి స్తంభం పాతే రోజున వాల్డా వెళ్ళింది, పని పూర్తయినట్టు ఫోటోలు తీయడానికి. ఆ అయిదో చోట టిల్లీ నిలబడి ఉంది. ముఖానికి తెల్లమట్టి పూసుకుంది. జుట్టు కత్తిరించుకుంది.

"అత్తా, ఎండలో ఎంతసేపు నిలబడతావ్? నీడకి రా" అంది వాల్డా.

టిల్లీ జవాబు చెప్పలేదు. వేళ్ళు కదిపింది. యాభై ఏళ్ళ కిందట విప్పాల్సి వచ్చిన మౌనాన్ని ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది.

తిరుగుదారిలో ఇద్దరినీ వ్యాను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వాడకి బయల్దేరింది వాల్డా. టిల్లీ ఒక కిటికీ పక్కన, నోరీన్ రెండో కిటికీ పక్కన. వ్యానులో అంత నిశ్శబ్దం వాల్డా ఎప్పుడూ ఎరగదు. ఎర్రమట్టి రోడ్డు, గుంతలు. కళ్ళు పక్కకి తిప్పడానికి లేదు. వెనక చేతులు కదులుతున్నట్టు మాత్రం తెలుస్తోంది. చప్పుడు లేకుండా, గాలి వదిలినట్టుగా నవ్వుతున్నారు కూడా.

"నా మీదేనా నవ్వు? నా లావు గురించేనా? సిగ్గులేదా ఇద్దరికీ, తోలేదాన్ని వెనకనుంచి ఆడిపోసుకోవడానికి?"

రోడ్డు తిన్నగా వచ్చాక అద్దంలోకి చూసింది. ఇద్దరి చేతులూ జోరుగా ఆడుతున్నాయి. కానీ వాళ్ళు ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఇద్దరూ మధ్యలో ఖాళీగా ఉన్న సీటుకేసి తిరిగి మాట్లాడుతున్నారు. ఒకరు చెప్పి ఆగుతున్నారు, జవాబు వినేంతసేపు. తర్వాత రెండోవాళ్ళు అందుకుంటున్నారు.

వాల్డా చెయ్యి చాపి అద్దాన్ని పైకి, కప్పువైపు తిప్పేసింది. వాడ వచ్చేదాకా రోడ్డునే చూస్తూ, గుంత వచ్చినచోటల్లా వ్యాను మెల్లిగా పోనిచ్చింది, వెనక కూర్చున్నవాళ్ళెవరికీ కుదుపు తగలకుండా.